పుష్పక్క కొలత జాకెట్టు

నా బిడ్డ మెదడు చిన్నదన్న సంగతి నా భర్తకు నడిరోడ్డు మీద తెలిసింది. ఆ సమయానికి నేను ఉల్లిగడ్డలు కోస్తున్నాను.

సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు, బడులు లేవు. ఆ రోజు మా ఊరు కోరుట్ల చౌరస్తాలో వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని నిరసన తెలపాలి. పిలుపు ఇచ్చింది మగవాళ్లు. వండుతున్నది మేము. నా భర్త గంగాధర్ సర్కారు బడిలో లెక్కల సారు, ఉపాధ్యాయుల సంఘంలో ముఖ్యుడు. విలేకరి వచ్చినప్పుడు గంటె పట్టుకుని పప్పు గంజు పక్కన నిలబడ్డాడు. ఫోటో అయిపోగానే గంటె నా చేతికిచ్చి మైకు అందుకున్నాడు. ఆత్మగౌరవం గురించి బాగా మాట్లాడతాడు. ఆ మాటలు నిజమే. నాకూ తెలంగాణ కావాలి. ఉల్లిగడ్డలు మాత్రం ఇంకా సగం బస్తా ఉన్నాయి.

అతని ఫోన్ మోగింది. పక్కకు పోయి మాట్లాడాడు. మాట్లాడుతూ నా వైపు చూశాడు. తర్వాత టెంటు కింద ఉల్లిపొట్టు ఊదుతూ ఆడుకుంటున్న అక్షిత వైపు చూశాడు. వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు.

"అక్షిత మెదడు సైజు తక్కువ అచ్చిందట. డాక్టర్ సార్ చెప్పిండు."

నా కత్తి ఆగలేదు. చేతులకు తెలియడానికి కొంచెం సేపు పట్టింది.

"స్కానింగ్ చేసింది నువ్వే గదా. నాకెందుకు చెప్పలే?"

"నాకూ తెల్వదు."

"మిషన్ కాడ కూసునేది నువ్వు. నీకు తెల్వదా?"

"ఇంటికాడ మాట్లాడుదాం. అందరున్నరు."

"ఐదేండ్లు దాటినయి. మూడు మాటలు కలిపి మాట్లాడది. నేను అప్పుడే అన్న, నువ్వు ఇనలే."

ఎవరో మైకులో గంగాధర్ సారును పిలిచారు. వెళ్లిపోయాడు. నేను ఉల్లిగడ్డలు నూనెలో వేశాను. పసుపు వేశాను. ఉప్పు వేశానో లేదో గుర్తు లేదు. తిన్నవాళ్లెవరూ ఏమీ అనలేదు కాబట్టి వేసే ఉంటాను.

నేను జగిత్యాలలో ఒక స్కానింగ్ సెంటర్‌లో ఎమ్మారై టెక్నీషియన్‌ని. మా సెంటర్‌కు హైదరాబాద్ నుంచి ఒక పరిశోధన పని వచ్చింది. మూర్ఛ వచ్చే పిల్లల మెదడునూ, ఆరోగ్యంగా ఉన్న పిల్లల మెదడునూ పోల్చి చూడాలి. దానికి కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాం ఉంది. అది ముందు బొమ్మలోంచి పుర్రెను ఒలిచేస్తుంది. మిగిలిన మెదడును ఒక అచ్చులో పట్టేలా సాగదీస్తుంది, నొక్కుతుంది, తిప్పుతుంది. ఆ అచ్చు ఏ ఒక్కరిదీ కాదు. ఎక్కడో పరాయి దేశంలో ఎంతోమంది పెద్దవాళ్ల మెదళ్లు కలిపి సగటు తీసింది. అందరినీ ఒకే అచ్చులో పెట్టి కొలిస్తేనే ఒకరిని ఒకరితో పోల్చవచ్చు. పెద్దవాళ్ల బొమ్మ పెడితే ప్రోగ్రాం చకచకా పని ముగించేది. పిల్లల బొమ్మ పెడితే తడబడేది. పిల్లల పుర్రె పలుచన, ముఖం చిన్నది, బొమ్మలో తెలుపుకూ బూడిద రంగుకూ మధ్య తేడా పెద్దవాళ్లలో ఉన్నట్టు ఉండదు. నుదుటి దగ్గరా చెవుల పక్కనా మెదడును కూడా పుర్రె అనుకుని కోసేసేది. ఒక్కొక్క పొర తెరిచి చూసి, కోసేసిన చోటల్లా మౌస్‌తో మళ్లీ రంగు నింపాలి. ఆ పని నాకు ఎవరూ ఇవ్వలేదు. వచ్చి పడింది. "స్వర్ణా, నీ చెయ్యి మంచిగుంటది, జర గిది చూడు" అన్నారు మా సెంటర్ డాక్టర్ సార్ ఒకరోజు. తర్వాత అడగడం కూడా మానేశారు. డ్యూటీలో తీరదు కాబట్టి పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తెచ్చుకునేదాన్ని. కుక్కర్ కూతకూ కూతకూ మధ్య ఒక పొర. "కంప్యూటర్ల ముగ్గులేస్తున్నవా?" అనేవాడు గంగాధర్. "గా పుర్రెలను దేవుని అర్రకు ఎదురుంగ పెట్టకు పిల్లా" అనేది మా అత్తమ్మ లసుమవ్వ. నేను కంప్యూటర్‌ను గోడ వైపు తిప్పుకున్నాను.

ఆరోగ్యంగా ఉన్న పిల్లలు దొరకడం కష్టమైంది. జ్వరం కూడా లేని బిడ్డను సొరంగం లాంటి మిషన్‌లోకి ఏ తల్లి పంపుతుంది? సెంటర్‌లో పనిచేసేవాళ్లే పిల్లల్ని తీసుకురమ్మన్నారు. అక్షితను తీసుకుపోయాను. మిగతా పిల్లలు ఆ చప్పుడుకు జడుసుకుని కదిలేవాళ్లు, ఏడ్చేవాళ్లు. అక్షిత నిద్రపోయింది. సిరిసిల్లలో మా అవ్వగారిల్లు, నా పుట్టిల్లు, మరమగ్గాల షెడ్డు గోడకు ఆనుకుని ఉంటుంది. మరమగ్గాన్ని మేం సాంచె అంటాం. పుట్టిన కొత్తలో నా బిడ్డకు జోలపాట ఆ చప్పుడే. మిషన్‌లోంచి బయటికి తీశాక కళ్లు నలుపుకుంటూ "సాంచె" అంది. సార్ నవ్వారు. ఇంత స్పష్టమైన బొమ్మ ఇంతవరకూ రాలేదన్నారు. ఆ రోజు నేను సంతోషపడినట్టు గుర్తు.

"నీ బిడ్డది నువ్వు ముట్టుకోవద్దు స్వర్ణా. సొంత మనుషులది వేరేటోళ్లు దిద్దాలె. రూల్" అన్నారు.

నేను ముట్టుకోలేదు. రూల్ పాటించడం నాకు బాగా వచ్చు.

వేరేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. ఆ సంగతి నాకు కోరుట్ల చౌరస్తాలో, వరుసగా కూర్చున్నవాళ్ల విస్తర్లలో పప్పు వడ్డిస్తుండగా తట్టింది.

మర్నాడు జీపులో వేలాడుతూ జగిత్యాల పోయాను. సింగరేణిలో బొగ్గు ఆగి కరెంటు ఉండీ ఉండనట్టు ఉంది. మిషన్ పని లేక సార్ పేపర్ చదువుతున్నారు. సార్, గంగాధర్ ఇంటర్‌లో ఒకే గదిలో ఉండి చదువుకున్నారు. కబురు పక్క గదిలో పనిచేసే తల్లికి కాకుండా ముందు తండ్రికి చేరింది అందుకే.

"సార్, అక్షిత బొమ్మను ఎవలు దిద్దిండ్రు?"

"ఎవలు దిద్దుతరు? దిద్దేదే నువ్వాయె. డైరెక్టుగ పెట్టిన."

"మరి అట్ల పెడితె అందరి పిల్లలకు తక్కువనే వస్తది గద సార్."

"నేను కొంచెం తక్కువ అన్న, అంతే. మీ ఆయననే పెద్దగ చేసుకున్నట్టున్నడు."

"దిద్దలేదని ఆయనకు చెప్పుండ్రి సార్."

"చెప్త తియ్యి. గిప్పుడు సమ్మె లొల్లిల ఉన్నడు." పేపర్ తిప్పారు. "అవుగని, పోయిన వారం పిల్లలయి ఇంక పంపలే నువ్వు. హైదరాబాదోళ్లు అడుగుతున్నరు."

అంతకుముందు దిద్ది పంపిన పిల్లల బొమ్మలు తెరిచాను. దిద్దకముందు అందరికీ తక్కువే. దిద్దాక అందరూ మామూలే. ఎవరి పిల్లలో నాకు తెలియదు. ఒక్కొక్కరి నుదురూ చెవుల పక్కా నేను నింపాను. నా బిడ్డ ఒక్కతే కోతలతో వెళ్లింది. ఆ సంగతి తెలిసినా నాకు ఊరట కలగలేదు. దిద్దాక కూడా తక్కువే వస్తే? తెరిచి, దిద్ది చూడటం ఒక్క రాత్రి పని. చూడలేదు. రూల్ అని అనుకున్నాను. రూల్ కాదు, భయం.

సార్ గంగాధర్‌కు చెప్పలేదు. ఇంట్లో అందరి మాటలూ మారిపోయాయి. అక్షిత గ్లాసు జారవిడిస్తే ఇంతకుముందు "చూస్కో బిడ్డా" అనే అత్తమ్మ ఇప్పుడు "దానికేం తెలుస్తది పాపం" అంటోంది. "మా ఇంట్ల గట్లాంటోళ్లు ఎవలు లేరు. నీ తరుపు నుంచే అచ్చింది" అని కూడా అంది, కోపంగా కాదు, బియ్యంలో రాళ్లు ఏరుతూ, వాన పడేలా ఉంది అన్నట్టు. గంగాధర్ సమ్మె శిబిరం నుంచి వచ్చి అన్నం తింటూ చెప్పాడు.

"హైదరాబాద్ల హాస్టల్ ఉన్నది. గసువంటి పిల్లలనే ఉంచుకుంటరు. మాట్లాడిన. సమ్మె అయిపోంగనే, బస్సులు నడువంగనే తీస్కపోత."

"అక్కడ వదిలిపెడుతరా?"

"వదిలిపెట్టుడేంది. పండుగలకు తెచ్చుకుంటం. నీకు డ్యూటీ ఉన్నది, నాకు ఉద్యమం ఉన్నది. అమ్మకు శాత కాదు. ఇంకొకల్లు పుడితె అన్ని మంచిగైతయి."

కూర వడ్డించాను. వీధిలో పిల్లలు జై తెలంగాణ అని అరుచుకుంటూ పోతున్నారు. ఊరంతా సమ్మె గెలవాలని చూస్తోంది. నేను బస్సులు నడవకూడదని చూస్తున్నాను.

బతుకమ్మకు అక్షితకు కొత్త గౌను కావాలి. ఇక్కడ పుష్పక్క జాకెట్టు గురించి చెప్పాలి. పుష్పక్క మా బావగారి భార్య, నాకు యారాలు. నా పెండ్లికి అత్తగారింటివాళ్లు పెట్టిన జాకెట్లన్నీ ఆమె కొలతకు కుట్టించారు. "ఇద్దరు ఒక్క తీరుగనే ఉన్నరు, మళ్ల కొలతెందుకు?" అంది అత్తమ్మ. మేం ఒక్క తీరుగా లేము. ఆమె భుజాలు వెడల్పు. పుష్పక్క నిజామాబాద్‌లో కాపురం పెట్టాక కూడా ఆ పాత జాకెట్టు ఇంట్లోనే ఉండిపోయింది. దర్జీకి ఎప్పుడు ఏమిచ్చినా కొలతకు అదే పోతుంది. నా ఎడమ భుజం మీద ఎప్పుడూ ఒక పిన్నీసు ఉంటుంది. మా మిషన్ పెద్ద అయస్కాంతం, ఆ గదిలోకి ఇనుము పోకూడదు కాబట్టి రోజూ తలుపు దగ్గర దాన్ని తీసి డబ్బాలో వేస్తాను. లోపల ఉన్నంతసేపూ భుజం జారుతూనే ఉంటుంది. ఒక చేత్తో దాన్ని పట్టుకుని, ఇంకో చేత్తో రోగిని సర్దుతాను. సాయంత్రం మళ్లీ పెట్టుకునేటప్పుడు అప్పుడప్పుడు గుచ్చుకుంటుంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత నొప్పి కాదు.

అత్తమ్మ గౌనుకు కూడా ఆ జాకెట్టే పంపింది. "దీంట్ల సగం చెయ్యుమను" అంది. దర్జీ అన్నీ సగం చేశాడు. చేతులు సగం, పొడవు సగం, మెడ సగం.

గౌను తొడుగుతుంటే అక్షిత తల మెడ దగ్గర ఇరుక్కుంది. కిందికీ రాదు, పైకీ పోదు. గుడ్డ లోపలి నుంచి మాట వినబడింది.

"అమ్మా, చీకటి."

"తలకాయ గింత పెద్దగున్నదేందే పోరికి?" అంది అత్తమ్మ.

మెదడు చిన్నది, తలకాయ పెద్దది. నా బిడ్డ ఎటూ సరిపోలేదు.

మెల్లగా గౌను పైకి లాగాను. తడిసిన జుట్టుతో, ఎర్రబడిన చెవులతో బయటికి వచ్చింది. ఆ చెవులు చూస్తూ అలాగే కూర్చున్నాను. చేయి నా చేతిలో సగం ఉంటుంది. కాలూ అంతే. తల సగం ఉండదు. పిల్లల తల ముందే పెరుగుతుంది, ఒళ్లు తర్వాత పెరుగుతుంది. పెద్దదాన్ని సగం చేస్తే చిన్నది రాదు. దర్జీకి అది తెలియదా? తెలిసే ఉంటుంది. ఇంటివాళ్లు సగం చెయ్యమన్నారు, చేశాడు. నాకు కూడా తెలుసు. తెలిసీ ఆ జాకెట్టును సంచిలో పెట్టి పంపింది నేనే. ఎవరూ అడగలేదని నేనూ చెప్పలేదు. అంతసేపూ నా కళ్ల ముందు ఉన్నది గౌను కాదు. కంప్యూటర్ తెర మీద నుదుటి దగ్గర కోత.

గౌను పక్కన పెట్టి, పెరట్లోకి పోయి హైదరాబాద్ మేడంకు ఫోన్ చేశాను. పరిశోధన ఆమెదే. నంబరు ఫైళ్ల మీదే ఉంటుంది. ఎప్పుడూ చేయలేదు, చేయాల్సింది సార్ కాబట్టి.

"మేడం, జగిత్యాల సెంటర్ నుంచి. టెక్నీషియన్‌ని."

"చెప్పండి. డాక్టర్ గారు దిద్ది పంపే బొమ్మలు చాలా బాగుంటున్నాయి. అంత ఓపిక ఎక్కడిదో అని ఇక్కడ అనుకుంటూ ఉంటాం."

 పెరటి గోడ మీద పిల్లి నడుస్తోంది. అది దిగేదాకా చూశాను.

"మేడం, దిద్దకుండా పెడితే సైజు తక్కువ వస్తుందా?"

"వస్తుంది. అది పెద్దవాళ్ల అచ్చు. పిల్లల్ని అందులో పెట్టి తీసిన అంకెకు అర్థమే లేదు. అందుకే పిల్లలకు పిల్లల అచ్చే తయారు చేస్తున్నాం. మీరు పంపిన ఆరోగ్యమైన పిల్లలతోనే. దానికి మొదట ఒక మంచి బొమ్మ కావాలి, మిగతావాళ్లను దాని పక్కన సర్ది చూసుకోవడానికి. మీ దగ్గర్నుంచి వచ్చిన ఒక పాపది దొరికింది. నిద్రపోయిన పాప. ఎక్కడా కదల్లేదు. అది దిద్దకుండా వచ్చింది, మేమే దిద్దుకున్నాం."

"ఆ పాపకు సైజు ఎంతుంది మేడం?"

"ఆ వయసుకు ఎంత ఉండాలో అంతే. ఎందుకండీ?"

"మాటలు సరిగ్గా రావడం లేదు."

 "మీ పాపా?"

"నా బిడ్డే."

"మాటల సంగతి ఆ బొమ్మలో కనబడదమ్మా. ముందు చెవి పరీక్ష చేయించండి. తర్వాత మాటలు నేర్పేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. బడి మాత్రం మాన్పించకండి. నలుగురు పిల్లల్లో ఉండాలి."

బొమ్మలు దిద్దేది నేనే అని నోటిదాకా వచ్చింది. లోపల్నుంచి పాలు పొంగిన వాసన వచ్చింది. ఫోన్ పెట్టేశాను.

ఆ సాయంత్రం గంగాధర్‌కు మొత్తం చెప్పాను. చెప్పులు విప్పుతూ విన్నాడు.

"ఎవలామె?"

"పరిశోధన చేసేదే ఆమె. అది పెద్దోళ్ల కొలతనట. మన బిడ్డ మంచిగున్నదట."

"సార్ ఒకటంటడు, ఆమె ఒకటంటది. సార్ నా దోస్తు, నాకెందుకు అబద్దం చెప్తడు? అయినా నీకు అర్థమైతదా గవన్ని?"

"గవన్ని చేసేదే నేను."

"చేసుడు వేరు, అర్థమవుడు వేరు." నవ్వాడు. ఎగతాళిగా కాదు, అలసిపోయిన మనిషి నవ్వినట్టు. "నువ్వు ప్రేమతోటి మాట్లాడుతున్నవు స్వర్ణా. నేను దాని బతుకు గురించి మాట్లాడుతున్న. హాస్టలోళ్లకు మాటిచ్చిన. ఇగ చాయ్ పెట్టు."

చాయ్ పెట్టాను.

సద్దుల బతుకమ్మకు సిరిసిల్ల పోతానంటే అత్తమ్మ కాదనలేదు. ఆడపిల్ల తల్లిగారింటికి పోయే పండుగ. "బస్సులు మొదలుకాంగనే రా. పోరి బట్టలు సదురాలె" అంది. సంచిలో గౌను పెట్టుకున్నాను. దర్జీ వాపసు ఇచ్చిన పుష్పక్క జాకెట్టు దాని మడతలోనే ఉండిపోయింది. నేను తీయలేదు.

నా కన్నతల్లి, మా అవ్వ శంకరవ్వ గౌను చూసింది. ఎవరు కుట్టారని అడగలేదు. వెనక మెడ దగ్గర కత్తెర పెట్టి కిందికి కోసింది. అంచు మడిచి కుట్టి, ఒక గుండీ పెట్టింది. అక్షిత తల ఒక్కసారికే దూరింది.

ఆ రోజుల్లో సిరిసిల్లలో కూడా సాంచెలు సరిగ్గా నడవడం లేదు. కరెంటు పోతే గల్లీ అంతా ఆగిపోయేది. అక్షితకు మధ్యాహ్నం నిద్ర పట్టేది కాదు. కరెంటు వచ్చి గోడ అవతల సాంచెలన్నీ ఒక్కసారే అందుకోగానే నా ఒళ్లో పడుకునేది. గోడ అదురుతుంటే, బిడ్డ ఊపిరి నా పొట్టకు తగులుతుంటే, నేను ఏమీ ఆలోచించకుండా కూర్చునేదాన్ని. ఏడవాలని చూశాను. రాలేదు. అవ్వ కండెలకు దారం చుడుతూ నన్ను చూసేది.

"ఏమైంది బిడ్డా?"

"ఏం కాలే అవ్వా."

"ఏం కానోళ్లు గట్ల కూసోరు."

చెప్పాను. అంతా విని, దారం తెంపి, ముడి వేసింది. "నీకు జీతం అస్తున్నదా?" అంది. వస్తున్నదన్నాను. "కార్డు ఎవల తాన ఉన్నది?" అంది. ఆయన దగ్గర అన్నాను.  కండె మళ్లీ తిరగసాగింది.

మరునాడు బ్యాంకుకు పోయి కొత్త కార్డుకు రాసిచ్చాను. బ్యాంకతను పాతది పోయిందా అని అడిగాడు. పోయింది అన్నాను.

పండుగలు అయిపోయాక ఒక పొద్దున గంగాధర్ ఫోన్ చేశాడు.

"బస్సులు నడుస్తున్నయి. ఇయ్యాల్నే బయలెల్లు. ఎల్లుండి హైదరాబాద్ పోవాలె."

"బయలెల్లుత" అన్నాను.

వేములవాడ బస్టాండులో దిగాం. ఎన్నో రోజుల తర్వాత బస్సులు కదులుతున్నాయేమో, జనం ఆగడం లేదు. రెండు బస్సులు పక్కపక్కన నిలబడి ఉన్నాయి. ఒకటి చందుర్తి మీదుగా కోరుట్లకు, అత్తగారింటికి. ఇంకోటి జగిత్యాలకు. కోరుట్ల బస్సు కండక్టర్ నన్ను గుర్తుపట్టాడు. గంగాధర్ సారు శిబిరంలో కూర్చున్నవాడే.

"రా వదినా, సీటున్నది. బిడ్డను ఇటియ్యి."

అక్షిత చేతులు చాచలేదు. నేనూ ఇవ్వలేదు.

"లేదన్నా. జగిత్యాల పోతున్న."

"డ్యూటీ ఉన్నదా?"

"ఉన్నది."

జగిత్యాలలో సెంటర్ వెనక గల్లీలో సమ్మవ్వ అని ఒకామె ఆడవాళ్ల బట్టలు కుడుతుంది. కింద మిషన్, పైన కిరాయికి ఒక గది. ఆ గది ఎన్నాళ్లుగానో ఖాళీగా ఉందని నాకు తెలుసు. రోజూ అక్కడి బోర్డు చదువుకుంటూ పోయేదాన్ని, ఎందుకు చదువుతున్నానో తెలియకుండా. తాళంచెవి ఇచ్చి, "ఎన్నాళ్లుంటరు?" అంది. బిడ్డ బడి అయిపోయేదాకా అన్నాను. ఆమె అక్షితను చూసి, లెక్క వేసుకుని, ఊరుకుంది.

ఫోన్ మోగింది.

"ఏడిదాక అచ్చినవు?"

"జగిత్యాలల దిగిన. ఈడనే ఉంట. అక్షితను ఈడి బడిల ఏస్తున్న."

ఫోన్‌లో అతని వెనక ఎవరో నినాదం ఇస్తున్నారు.

"పిస లేసిందా నీకు? హాస్టలోళ్లకు ఏం చెప్పాలె నేను?"

"కొలత తప్పని చెప్పుండ్రి."

ఇంకేదో అంటున్నాడు. ఎప్పుడూ వినే గొంతే. అయిపోయేదాకా విని, ఫోన్ పెట్టేశాను. నాకేమీ అనిపించలేదు. అనిపించడానికి ఇంకా టైం పడుతుందేమో. సార్‌కు ఇవ్వవలసిన పెన్‌డ్రైవ్ సంచిలోనే ఉంది. రేపు ఇచ్చేస్తాను, దిద్దకుండా. ఎవరు దిద్దేవారో మేడంకు నేనే ఫోన్ చేసి చెప్తాను.

అక్షిత గుడ్డ ముక్కలు ఏరుకుని వరుసగా పేరుస్తోంది. అవ్వ పెట్టిన జాకెట్టు గుడ్డ తీసి సమ్మవ్వ ముందు పెట్టాను. ఆమె చేయి చాచింది.

"కొలత జాకెట్టు ఇయ్యుండ్రి."

సంచిలో చేయి పెట్టాను. అడుగున మెత్తగా తగిలింది. చేయి బయటికి తీశాను.

"తేలే. నన్నే కొలువుండ్రి."

సమ్మవ్వ మెడలోంచి టేపు తీసింది. భుజం మీది పిన్నీసు తీసి బల్ల మీద పెట్టాను. చేతులు ఎత్తాను.